కూతకు ఒక్కతేనా?

పోయిన ఆదివారం మా ఇంట్లో పప్పు మాడింది. మాడబెట్టింది నేనే. పొయ్యి మీద పప్పు పెట్టి, గరిటె చేతిలో పట్టుకుని, హాల్లోకి వచ్చి మా మరిదితో వాదనకు దిగాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా చేతి వంట మాడటం ఇది మూడోసారో నాలుగోసారో. వాదన దేని గురించని అడుగుతారేమో. ఆస్తి గురించి కాదు, పెళ్ళి సంబంధం గురించి కాదు. కబడ్డీ గురించి. మా పెద్దమ్మాయి కాలేజీ జట్టులో కూతకు ఎవరు వెళ్ళాలి, ఎన్నిసార్లు వెళ్ళాలి అన్న దాని గురించి.

నవ్వకండి. చివరిదాకా చదివి, అప్పుడు నవ్వొస్తే నవ్వండి.

మాది దామరచర్ల. మా అమ్మాయి మిర్యాలగూడలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్తుంది. ఇంటర్ నుంచీ కబడ్డీ ఆడుతోంది. ఇప్పుడు కాలేజీ జట్టులో మొదటి రైడర్. ఆ ఆదివారం మాత్రం కాలు స్టూలు మీద పెట్టుకుని, మోకాలి మీద తువాల్లో చుట్టిన ఐసు ముక్కలు పెట్టుకుని కూర్చుంది. అంతకు నాలుగు రోజుల ముందు నల్లగొండలో కాలేజీల మధ్య పోటీలు జరిగాయి. సెమీ ఫైనల్లో మోకాలు మెలి తిరిగింది. లిగమెంటు సాగింది, తెగలేదు, మూడు వారాలు ఆట మానాలి అని డాక్టరు చెప్పాడు.

మా అత్తమ్మ తీర్పు ఒక్క ముక్కలో ఇచ్చేసింది. "ఆడపిల్లకు గీ ఆటలెందుకు? రేపు కుంటుకుంట నడిస్తే ఎవడు చేసుకుంటడు? మాన్పియ్యున్రి."

మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. ఆయనకు అన్నింట్లోనూ లాభనష్టాలే కనిపిస్తాయి. "జట్టుల బాగ ఆడేది మన బిడ్డ. బాగ ఆడేటోళ్ళనే పంపుతరు. దెబ్బలు తాకుతయి, మానుతయి. దానికి ఆట మాన్పుడెందుకు?" అన్నారు.

మా మరిది వీర్లపాలెం పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోతాడు. వయసులో ఉన్నప్పుడు సంక్రాంతి పోటీల్లో కబడ్డీ ఆడినవాడు. "వదినా, పీడీ సారు తప్పేం లేదు. చేతుల పదునున్న కత్తి ఉంటే మొద్దు కత్తి ఎవరన్న తీస్తరా?" అన్నాడు.

సరిగ్గా ఆ మాట దగ్గరే నేను గరిటెతో సహా హాల్లోకి వచ్చాను.

ఎందుకంటే ఆ సెమీ ఫైనల్ నేను చూశాను. ఒట్టినే చూడలేదు, లెక్క రాసుకుంటూ చూశాను. చదివింది బి.ఏ. తెలుగే గానీ, 2014లో టీవీలో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచీ పిల్లలతో పాటు నేనూ చూస్తున్నాను. అమ్మాయి ఆటలోకి దిగాక రూల్సు కూడా నేర్చుకున్నాను. ఆ రోజు సంచిలో పాలలెక్క పుస్తకం ఉంటే, దాని వెనక పేజీలో మన వైపు నుంచి ఎవరు కూతకు వెళ్తే వాళ్ళకొక గీత పెడుతూ పోయాను. ఆట అయ్యాక గీతలు లెక్కపెడితే మొత్తం ముప్పై నాలుగు కూతలు. అందులో ఇరవై ఆరు మా అమ్మాయివే. ఇంకో పిల్లవి ఐదు. మిగిలిన అందరివీ కలిపి మూడు.

కబడ్డీ అంతగా తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు. ఒక పిల్ల 'కబడ్డీ కబడ్డీ' అంటూ కూత పట్టి అవతలి వైపు వెళ్తుంది. ముప్పై సెకన్లలో ఎవరినైనా ముట్టి, కూత ఆపకుండా నడిమి గీతకు తిరిగి రావాలి. ముడితే పాయింటు. పట్టుబడితే అవతలివాళ్ళకు పాయింటు, ఈ పిల్ల బయటికి. బయటికెళ్ళిన పిల్ల తనంతట తాను లోపలికి రాలేదు. తన జట్టులో ఇంకెవరైనా అవతలివాళ్ళను అవుట్ చేస్తేనే వస్తుంది. వరసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది చావో రేవో. పాయింటు తేకపోతే వెళ్ళిన పిల్ల అవుట్. ఏడుగురూ అవుటైపోతే దాన్ని లోనా అంటారు, అవతలివాళ్ళకు ఇంకో రెండు పాయింట్లు అదనం. ఆడపిల్లల ఆట పదిహేను నిమిషాల చొప్పున రెండు భాగాలు.

ఇప్పుడు లెక్క వేయండి. ఇరవై ఆరు కూతలు. ఒక్కొక్కటి ముప్పై సెకన్లు కాకపోయినా ఇరవై సెకన్లు అనుకున్నా, దాదాపు తొమ్మిది నిమిషాలు ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, ఏడుగురి మధ్య గెంతుతూ ఉంది. కూత నుంచి తిరిగొచ్చాక కూర్చోవడం ఉండదు. వెంటనే అవతలి పిల్ల వస్తుంది, దాన్ని పట్టాలి. పట్టగానే మళ్ళీ కూతకు తనే.

మొదటి సగం అయ్యేసరికి మనవాళ్ళు 14–9తో ముందున్నారు. పక్కన కూర్చున్నవాళ్ళు నా భుజం తట్టారు. నేనూ మురిసిపోయాను, అబద్ధం చెప్పను. కానీ విరామంలో అవతలి కోచమ్మ తన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని నేల మీద పుల్లతో గీస్తూ ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినబడలేదు గానీ, రెండో సగంలో కళ్ళకు కనబడింది. మా అమ్మాయి ఎప్పుడూ కుడి మూల వైపే వెళ్తుందని వాళ్ళకు అప్పటికే అర్థమైంది. ఆ మూలలో ఉన్న పిల్లను కాస్త వెనక్కి జరిపారు. మా అమ్మాయి లోపలికి వెళ్ళేదాకా ఊరుకుని, పక్కనున్న ఇద్దరూ చేతులు పట్టుకుని దారి మూసేశారు. రెండో సగం నాలుగో నిమిషంలో పట్టుబడింది. బయట కూర్చుంది.

అసలు కష్టం అక్కడ మొదలైంది. మా అమ్మాయిని లోపలికి తేవాలంటే మిగతావాళ్ళు పాయింటు తేవాలి. మొదటి సగమంతా కూతకు వెళ్ళనివాళ్ళు ఇప్పుడు వెళ్ళాలి. కాళ్ళు వేడెక్కలేదు. అవతలి పిల్లల్లో ఎవరు చురుకు, ఎవరు మెతక అన్నది దగ్గరికెళ్ళి చూసింది లేదు. భయంతో గీత దాటి నాలుగడుగులు వేసి తిరిగొచ్చేశారు. ఖాళీ కూత. మళ్ళీ ఖాళీ కూత. మూడోది చావో రేవో, వెళ్ళిన పిల్ల అక్కడే పడిపోయింది. వాళ్ళ కూతల్లో మనవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. లోనా పడింది. ఏడుగురూ మళ్ళీ లోపలికొచ్చాక కూతకు ఎవరు వెళ్ళారు? మా అమ్మాయే. అప్పటికి దాని మొహం చూస్తే తల్లిని కాబట్టి తెలిసిపోయింది, ఒంట్లో ఏమీ లేదని. చీలమండ పట్టుకుని ఇద్దరు లాగారు, పైనుంచి ఇంకో పిల్ల పడింది. మోకాలు పోయింది. 22–29తో ఆట పోయింది.

అందుకే మా మరిదితో అన్నాను. "పదునున్న కత్తే గదా అని దాంతోనే కూరగాయలు తరిగి, దాంతోనే కొబ్బరికాయ కొట్టి, దాంతోనే కట్టెలు నరికితే సాయంత్రానికి అది కత్తిగా ఉంటదా నాయనా?" అని.

నా మాట ఏమిటంటే, ఒక్కళ్ళ మీద దాడంతా పెట్టడం ఎత్తుగడ కాదు. ఎత్తుగడ లేకపోవడం. ముందు సగం గెలిచినట్టే ఉంటుంది. ఆ ఒక్కరూ పట్టుబడిన క్షణాన జట్టులో మిగిలిన ఆరుగురికీ ఏం చేయాలో తెలియదు.

ఇది నేను మా అమ్మాయి ఆట ఒక్కటి చూసి అంటున్నది కాదు. మన తెలుగు టైటాన్స్ సంగతే చూడండి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి కొన్నారు. అప్పటికి ఆ ఆటలో అంత ధర ఎవరికీ రాలేదు. మా ఇంట్లో ఆ రాత్రి పండగే. పవన్ తన వంతు బాగానే ఆడాడు, పాయింట్లు బాగానే తెచ్చాడు. కానీ ఆ సీజన్లో ఇరవై రెండు మ్యాచులాడి టైటాన్స్ గెలిచింది రెండే రెండు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. అతను బయట కూర్చున్నప్పుడల్లా మా ఆయన రిమోట్ తీసి చానెల్ మార్చేసేవారు. ఆ మార్చడంలోనే ఉంది అసలు సంగతి, ఆయన ఒప్పుకోరు గానీ.

దానికి ముందు ఏడాది ఇంకో కథ జరిగింది. 2022లో అదే పవన్‌ను తమిళ్ తలైవాస్ జట్టు రెండు కోట్ల ఇరవై ఆరు లక్షలకు కొన్నది. మొదటి మ్యాచులోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. తలైవాస్ పని అయిపోయిందనే అందరం అనుకున్నాం. కానీ నరేందర్ అనే కుర్రాడు కూతకు లేచాడు. మిగతావాళ్ళు తలా ఒక చేయి వేశారు. ఆ జట్టు మొదటిసారి సెమీ ఫైనల్ దాకా వెళ్ళింది ఆ ఏడాదే. పెద్ద ఆటగాడు ఉన్న జట్టు అడుగున మిగిలింది, పెద్ద ఆటగాడిని పోగొట్టుకున్న జట్టు పైకి పోయింది. పవన్ తప్పని నేననను. ఒక్కడు ఎంత గొప్పవాడైనా ఏడుగురి పని చేయలేడు అంటున్నాను.

ఇక్కడ మా ఆయన ఒక మంచి దెబ్బ కొట్టారు. ఒప్పుకోవాలి. "మొన్న 'మైదాన్' సినిమా చూసి ఏడ్చినవు గదా. అందుల రహీం సాబ్ తలకు దెబ్బ తాకినోణ్ని ఆడించి గెలిపియ్యలేదా? అప్పుడు మంచిగ అనిపించింది, ఇప్పుడు పీడీ సారు ఆడిస్తే తప్పయిందా?" అన్నారు.

సినిమా చూడనివాళ్ళకు చెప్తాను. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదాయన. బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తయారు చేసి, 1950 నుంచి 1963లో కన్నుమూసే దాకా దేశం జట్టుకు శిక్షణ ఇచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ పోటీల్లోనే జర్నైల్ సింగ్ అనే వెనక కాపు కాసే ఆటగాడికి తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం గారు అతన్ని సెమీ ఫైనల్లో, ఫైనల్లో ఆడించారు. నిజమే.

కానీ ఎక్కడ ఆడించారు? వెనక నుంచి తీసి ముందు వరసలో పెట్టారు. మనిషి ఒంటి పరిస్థితి చూసి చోటు మార్చారు. ముందు వరసలో అతని పక్కన పీకే బెనర్జీ ఉన్నాడు, చునీ గోస్వామి ఉన్నాడు, మన సికింద్రాబాద్ పిల్లవాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. ఫైనల్లో ఒక గోలు బెనర్జీ కొట్టాడు, ఇంకోటి జర్నైల్ కొట్టాడు. ఒక్కడి మీద ఆట పెట్టలేదు. పైగా ఆ రహీం గారే హైదరాబాదు పిల్లలకు ఒక వింత పోటీ పెట్టేవారట. బంతిని కాళ్ళ దగ్గరే ఉంచుకుని ఒక్కడే పరిగెత్తడం నిషేధం, పక్కవాడికి ఇచ్చి తీరాలి. ఇంకో పోటీలో అలవాటు లేని కాలితోనే ఆడాలట. అంటే ఏమిటి? చేతకాని కాలు చేతనయ్యేదాకా సాధన చేయించారు. చేతకాని కాలును బయట కూర్చోబెట్టలేదు.

మా ఆయన ఏమీ అనలేదు. అప్పుడే వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది కాబట్టి, నేను గెలిచానో ఆయన ఊరుకున్నారో చెప్పలేను.

మర్నాడు నేను కాలేజీకి వెళ్ళాను. పీడీ సారును కలిశాను. పాలలెక్క పుస్తకం కూడా తీసుకెళ్ళాను. గొడవ పెట్టుకోవాలని కాదు, అడగాలని. ఆయన కోప్పడతాడేమో అనుకున్నాను. పుస్తకంలో గీతలు చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ చూపించి ఒక సంగతి చెప్పాడు. అది నేను ఊహించింది కాదు.

"అమ్మా, నాక్కూడా ముగ్గురు రైడర్లతో ఆడాలనే ఉంటది. కానీ సాయంత్రం ప్రాక్టీసుకు రోజూ ఉండేది మీ అమ్మాయి, ఇంకో ఇద్దరు. మిగతా పిల్లలకు నాలుగున్నరకు బస్సు. అది పోతే ఊరికి బండి లేదు. ఎడమ వైపు నుంచి మస్తు ఆడే పిల్ల ఒకామె ఉంది, మీ మండలమే. వారానికి ఒక్కరోజు ఉంటే ఎక్కువ. ప్రాక్టీసు లేని పిల్లను పెద్ద ఆటల కూతకెట్ల పంపుత? అందుకే తెలిసిన పిల్లనే పంపిన." అన్నాడు.

నేను లెక్కలో ఐదు గీతలు పెట్టిన పిల్ల ఆమేనని అప్పుడు అర్థమైంది. ఆ ఐదు కూతల్లో రెండు పాయింట్లు తెచ్చింది. ఇరవై ఆరు కూతల్లో మా అమ్మాయి తెచ్చినవి పదకొండు. లెక్క చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా లేదు. పైగా మా అమ్మాయి కుడి మూలకు వెళ్తే, ఈ పిల్ల ఎడమ మూలకు వెళ్తుంది. ఇద్దరూ మార్చి మార్చి వెళ్తే అవతలివాళ్ళు ఏ మూల కాయాలి? ఒకరు బయట కూర్చుంటే ఇంకొకరు లోపలికి తెస్తారు.

ఆ పిల్లది మా మండలంలోనే ఒక తండా. బస్సు మెయిన్ రోడ్డు మీద దించేస్తుంది. అక్కడినుంచి లోపలికి ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడక. చీకటి పడితే ఏ తల్లి పంపుతుంది? నేనైనా పంపను. అంటే మనం కోచ్ ఎత్తుగడ అనుకున్నది నిజానికి బస్సు టైము. జట్టులో ఎవరు కూతకు వెళ్ళాలన్నది మైదానంలో కాదు, బస్టాండులో తేలిపోతోంది. పీడీ సారు మీద నాకున్న కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగం మాత్రం ఉంది. మోకాలు పట్టుకుని కూర్చున్న పిల్లను "ఇంకో రెండు నిమిషాలే, ఓర్చుకో" అన్నాడు చూడండి, అది మాత్రం తప్పే. ఆ మాట ఆయన మొహం మీదే చెప్పాను. విన్నాడు.

ఇంటికొచ్చి అమ్మాయికి చెప్పాను. నేను మంచి చేశాననుకున్నాను. అది మొహం ముడుచుకుంది. "నేను పోకుంటే ఎవరు పోతరమ్మా? వాళ్ళకు రాదు." అంది.

ఆ మాట నాకు బాగా తెలిసిన మాట. ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తే నా నోటి నుంచే. "నేను చేయకుంటే ఎవరు చేస్తరు? వాళ్ళకు రాదు." నేను రోజూ అనే మాట అది. పొద్దున ఐదింటికి లేచి అందరి డబ్బాలూ నేనే కట్టాలి. అత్తమ్మ మాత్రలు నేనే చూడాలి. గ్యాసు బుక్ చేయడం నుంచి చిన్నవాడి ఫీజు దాకా నేనే. ఒకసారి మా ఆయన చాయ్ పెడతానంటే పొంగిస్తారని నేనే వద్దన్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు నాకు జ్వరం వస్తే ఇంట్లో ఎవరికీ చాయ్ లేదు. ఎవరినని అనాలి? కూతకు వాళ్ళను ఎప్పుడు పంపాను గనక?

ఒక్కతే చేయడంలో కష్టమే కాదు, ఒక గొప్ప కూడా ఉంటుంది. "ఆమె లేకపోతే ఆ ఇల్లు నడవదు" అని నలుగురూ అంటే లోపల ఎక్కడో బాగుంటుంది. మా అమ్మాయికి కూడా గ్యాలరీలో చప్పట్లు అలానే బాగుండి ఉంటాయి. అందుకే దాన్ని తిట్టలేకపోయాను.

కానీ ఒకటి చెప్పాను. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లల జట్టు ఫైనల్లో ఇరాన్ చేతిలో 24–27తో ఓడిపోయింది. కబడ్డీ మనది, బంగారం వాళ్ళది. ఆ ఇరాన్ జట్టును తయారు చేసిందెవరో తెలుసా? శైలజా జైన్ అని మన దేశం కోచమ్మే, నాసిక్ ఆవిడ. భాష రాని చోటికి వెళ్ళి, వాళ్ళ భాష నేర్చుకుని, ఆ పిల్లలకు యోగా, ప్రాణాయామం కూడా అలవాటు చేసింది. కూత అంటే ఊపిరే కదా. పుట్టుకతో కబడ్డీ వచ్చిన పిల్లలు కారు వాళ్ళు. నేర్పితే వచ్చింది. "వాళ్ళకు రాదు" అన్న మాట ఆవిడ అనుకుని ఉంటే అక్కడే ఆగిపోయేది. మళ్ళీ 2023లో హాంగ్‌ఝౌలో మన పిల్లలు చైనీస్ తైపీ మీద 26–25తో గెలిచి బంగారం తిరిగి తెచ్చుకున్నారనుకోండి. ఒక్క పాయింటు తేడా. ఆ ఒక్కటి ఎవరిదని వెతికితే ఎవరి పేరు చెప్తాం?

ఇక అత్తమ్మ మాట. ఆట మాన్పించడం. దానికి నేను ఒప్పుకోను. దెబ్బ తగిలింది ఆట వల్ల కాదు, అలిసిపోయిన పిల్లను మళ్ళీ మళ్ళీ పంపడం వల్ల. బిందెలు మోసి మోసి నడుము పట్టేసిన కోడలికి మందు బిందె పారేయడం కాదు, ఇంకో ఇద్దరు మోయడం. అత్తమ్మకు ఈ మాటే చెప్పాను. ఆమె వయసులో బావి నుంచి నీళ్ళు మోసినావిడే. ఏమీ అనలేదు గానీ సాయంత్రం వేడినీళ్ళ కాపడం తనే పెట్టింది.

నేను చేసింది పెద్దదేం కాదు. ఆ పిల్ల తల్లికి ఫోను చేశాను. మొదట భయపడింది, ఏదైనా తప్పు జరిగిందేమో అని. మంగళ, శుక్రవారాలు మీ అమ్మాయి ప్రాక్టీసు చేసుకుని మా అమ్మాయితో పాటే మా ఇంటికి వస్తుంది, రాత్రి ఇక్కడే పడుకుని పొద్దున ఇద్దరూ కలిసి కాలేజీకి పోతారు అని చెప్పాను. "మీకెందుకక్కా శ్రమ" అంది. ఇంకో ప్లేటు పెట్టడమే కదా అన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని, వాళ్ళాయనను అడిగి, సరే అంది. ఇంకో ఊరి పిల్ల కోసం పీడీ సారు వాళ్ళ నాన్నతో మాట్లాడుతున్నాడు. ముగ్గురు రైడర్లు తయారవుతారో లేదో వచ్చే ఏడాది పోటీల్లో తెలుస్తుంది.

అక్కలూ, చెల్లెళ్ళూ, మీ పిల్లలు కూడా ఏదో ఒక ఆట ఆడుతూ ఉంటారు. ఇంటికి రాగానే మనం అడిగేది ఒక్కటే, "గెలిచారా?" అని. దాంతో పాటు ఇంకో రెండు అడగండి. "నువ్వు ఎన్నిసార్లు వెళ్ళావు? మిగతావాళ్ళు ఎన్నిసార్లు వెళ్ళారు?" మొదటి లెక్క మరీ ఎక్కువైతే పిల్ల ఒంటికి ప్రమాదం. మరీ తక్కువైతే పిల్ల మనసుకు ప్రమాదం. రెండింట్లో ఏదైనా కోచ్‌ను అడగండి. ఆడవాళ్ళకు ఆట గురించి ఏం తెలుసు అంటారు, అననివ్వండి. లెక్క రాసిన పుస్తకం చేతిలో ఉంటే ఎక్కువసేపు అనరు.

నిన్న శుక్రవారం పక్క కాలేజీతో ఊరికే ఆడుకునే మ్యాచు ఒకటి జరిగింది. మా అమ్మాయి ఇంకా ఆడకూడదు. బెంచీ మీద కూర్చుంది. పాలలెక్క పుస్తకం దానికే ఇచ్చి పంపాను. సాయంత్రం ఫోను చేసింది.

"అమ్మా, ఓడిపోయినం. నాలుగు పాయింట్ల తేడా."

"సరే, లెక్క చెప్పు."

"ఆమె పదకొండుసార్లు పోయింది. ఐదు పాయింట్లు. అందుల రెండు బోనస్‌లు." కాసేపు ఆగింది. "ఎడమ మూలకు మంచిగ పోతదమ్మా."

ఆ ఆగడంలో కాస్త ఈర్ష్య ఉంది. తల్లిని కదా, నాకు తెలుస్తుంది. ఉండనీ. ఇద్దరికీ కలిపి చపాతీలు చేస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. పిండి కలపడానికి చిన్నవాణ్ణి పిలిచాను. నీళ్ళు ఎక్కువ పోశాడు. నేను చేయి పెట్టలేదు.